జింకును మేసే పూలమొక్క

మీ ఇంట్లో పోపులడబ్బా ఉంటుంది కదా! చలికాలం మొదలు కాగానే అందులోంచి చిటికెడు ఆవాలు అడిగి తీసుకోండి. ఒక పాత డబ్బాకు అడుగున చిల్లులు పెట్టి, మట్టి నింపి, ఆవాలు పైపైన చల్లండి. లోతుగా పాతిపెట్టకండి. నాలుగో రోజుకల్లా రెండేసి చిన్న ఆకులతో మొలకలు తలలెత్తుతాయి. రోజూ కాసిని నీళ్ళు పోస్తూ ఓపిక పడితే, నెలా పదిహేను రోజులు తిరిగేసరికి పసుపుపచ్చని పూలు పూస్తాయి. వంటింటి ఆవాలు మొలుస్తాయా అని కొందరు అనుమానిస్తారు. మొలుస్తాయి. పోపులో పడేదాకా అవి బతికి ఉన్న విత్తనాలే.

పువ్వు పూసిన తర్వాత ఒకటి కోసి, భూతద్దం ఉంటే దాని కింద, లేకపోతే కళ్ళు చికిలించి చూడండి. నాలుగు రక్షకపత్రాలు, నాలుగు ఆకర్షణపత్రాలు కనిపిస్తాయి. ఆ నాలుగు రేకులూ శిలువ ఆకారంలో ఎదురెదురుగా నిలిచి ఉంటాయి. లోపల కేసరాలు ఆరు. వాటిలో నాలుగు పొడుగు, రెండు పొట్టి. ఈ గుర్తు ఒక్కటి తెలిస్తే చాలు, ఆవ కుటుంబాన్ని ఎక్కడైనా పట్టేయవచ్చు. నేను చదువుకునే రోజుల్లో ఈ కుటుంబాన్ని 'క్రూసిఫెరే' అనేవారు, అంటే శిలువ మోసేవి అని. ఇప్పటి పుస్తకాల్లో 'బ్రాసికేసీ' అంటున్నారు. ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ అన్నీ ఈ ఇంటి పిల్లలే. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో దాదాపు 4,000 జాతులు ఉన్నాయి.

ఇంత పెద్ద కుటుంబంలో మనం ఎన్నడూ చూడని బంధువులు చాలా ఉంటాయి. వాటిలో ఒక చిన్న అడవి పూలమొక్కను గురించి ఈ నెల చెప్పబోతున్నాను. అది మన దేశంలో పెరగదు. నేనూ దాన్ని బొమ్మల్లోనే చూశాను. అయినా కూర్మన్నపాలెంలో కూర్చుని దాన్ని గురించి ఆలోచించడానికి మాకు ఒక కారణం దొరికింది.

ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న

విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం ముఖద్వారం ఉన్న చోటు కూర్మన్నపాలెం. ఇక్కడి పిల్లలకు లోహాల పాఠం చెప్పడం తేలిక. ఇనుము ఎలా తయారవుతుందో పుస్తకంలో బొమ్మ చూపించే ముందే వాళ్ళకు పొగగొట్టాలు తెలుసు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన సంగతీ, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన సంగతీ వాళ్ళ తాతలే చెబుతారు.

ఆ రోజు పాఠం ఇనుమును గురించి కాదు, జింకును గురించి. జింకుకు మన పాత పుస్తకాల్లో యశదం, తుత్తునాగం అని పేర్లున్నాయి. ఇనుప రేకు తుప్పు పట్టకుండా దానికి జింకు పూత పూస్తారు. మామూలు టార్చిలైటు బ్యాటరీ లోపలి గిన్నె జింకుదే. మన దేశంలో రాజస్థాన్‌లోని జావర్ గనుల దగ్గర, యూరపువాళ్ళకు ఆ విద్య తెలియక ముందే, మట్టి మూసల్లో జింకును ఆవిరిగా మార్చి పట్టేవారు. విశాఖలో కూడా 1977 నుంచి 2012 వరకు జింకు తీసే కర్మాగారం పనిచేసింది. ఇదంతా చెప్పి నల్లబల్ల తుడుస్తుంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి నిలబడింది.

"మాస్టారూ, జింకు మట్టిలో పడితే ఎన్నాళ్ళకి పోతుందండీ?"

"పోదమ్మా" అన్నాను.

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

ఆ అమ్మాయి కూర్చోలేదు. నిజానికి ఆ ప్రశ్నలో చాలా లోతు ఉంది. రాలిన ఆకు కుళ్ళిపోతుంది. చచ్చిన పురుగు మట్టిలో కలుస్తుంది. పురుగుమందుల్లో చాలావాటిని సూక్ష్మజీవులో, ఎండో, వానో ఏనాటికైనా విరగ్గొడతాయి. అవన్నీ సమ్మేళనాలు కనుక విడిపోతాయి. జింకు మూలకం. మూలకాన్ని ఏ సూక్ష్మజీవీ విరగ్గొట్టలేదు. కాల్చినా బూడిదలో ఉంటుంది. కడిగితే నీళ్ళతో వెళ్ళి మరోచోట చేరుతుంది. ఒక చోటి నుంచి తీసి ఇంకొక చోట పెట్టడమే తప్ప దాన్ని లేకుండా చేయడం మన చేతిలో లేదు. సీసం, కాడ్మియం, నికెల్ సంగతీ ఇంతే.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో మట్టిని పరీక్షించి, అందులో భారలోహాలు ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉన్నాయని 2001లో ప్రకటించారు. అటువంటి మట్టిని ఏం చేయాలి? పైమట్టి తవ్వి లారీల మీద తీసుకుపోయి మరోచోట పూడ్చవచ్చు. ఖర్చు సరే, ఆ మరోచోటివాళ్ళు ఊరుకుంటారా?

అప్పుడు వాళ్ళకు ఈ మొక్క కథ చెప్పాను.

కొంచెం కావాలి, ఎక్కువైతే కష్టం

ముందొక సంగతి. జింకు విషం అని పేరుపెట్టి పక్కకు నెట్టడానికి వీల్లేదు. పెద్ద మనిషి శరీరంలో 2 నుంచి 3 గ్రాముల జింకు ఉంటుంది. అది లేకపోతే గాయాలు మానవు, పిల్లలు ఎదగరు. మొక్కకూ అది కావాలి. మన రాష్ట్రంలో వరి పండించేవాళ్ళ పిల్లలు ఈ వ్యాసం చదువుతుంటే ఈపాటికి తల ఊపుతూ ఉంటారు. నాట్లు వేసిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారితే, అది జింకు లోపమని పెద్దలు వెంటనే చెబుతారు. దుక్కిలో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయమని వ్యవసాయశాఖవాళ్ళు సలహా ఇస్తారు.

మామూలు మొక్కల ఆకులు ఎండబెట్టి తూస్తే, కిలో ఎండుటాకులో జింకు సుమారు 20 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే గ్రాములో పదోవంతుకు మించదు. అది కొన్ని వందల మిల్లీగ్రాములు అయిందంటే చాలా పంటలు తట్టుకోలేవు. లేత ఆకులు పాలిపోతాయి, వేళ్ళు మొద్దుబారి నిలిచిపోతాయి.

ఇప్పుడు మన కథానాయిక దగ్గరికి వద్దాం. దాని పేరు నొక్కియా సెరులెసెన్స్. ఇదివరకు థ్లాస్పి అనేవారు, పాత పుస్తకాల్లో ఆ పేరే కనిపిస్తుంది. జానెడు ఎత్తు మొక్క. నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకున్న ఆకులు, మధ్య నుంచి లేచిన కాడ, దాని చివర తెల్లగానో లేత ఊదాగానో చిన్న చిన్న పూలు. నాలుగు రేకులు, ఆరు కేసరాలు, మన ఆవ పువ్వులాగే. ఆవ మొక్క ఒక్క పంటకాలంలో పూసి, కాసి, ఎండిపోతుంది. నొక్కియా అలా కాదు, చలి దేశాల మంచును ఓర్చుకుని రెండేళ్ళో, అనువైన చోట మరికొన్నేళ్ళో బతుకుతుంది. దీని ఆకులు ఎండబెట్టి తూస్తే కిలోలో 10 గ్రాముల జింకు దొరుకుతుంది. కొన్ని చోట్ల 30 గ్రాముల దాకా! మామూలు మొక్కకు ఇది వందరెట్లు, అంతకంటే ఎక్కువ కూడా. ఇంత మేసి కూడా అది పచ్చగా, నిక్షేపంగా ఉంటుంది.

గని మీద పూల తివాచీ

దీని సంగతి మొదట బయటపడింది జర్మనీ, బెల్జియం సరిహద్దులో, ఆహెన్ పట్టణం దగ్గర. అక్కడ భూమిలో కాలమైన్ అనే జింకు ఖనిజం ఉంది. ఆ గని కోసం రెండు రాజ్యాలు పోట్లాడుకుని, ఎటూ తేలక, 1816లో ఆ కాస్త నేలనూ ఎవరికీ చెందనిదిగా వదిలేశాయి. దాన్ని తటస్థ మోరెస్నే అనేవారు. వైశాల్యం మూడున్నర చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1920 దాకా అది అలాగే ఉండిపోయింది. ఒక జింకు గని కోసం ఏర్పడిన బుల్లి దేశం! చరిత్ర మాస్టారిని అడిగితే ఆయనకు కూడా తెలియకపోవచ్చు.

ఆ గని చుట్టుపక్కల నేల మీద మామూలు గడ్డి సరిగా పెరగదు. కాని ఏటా వసంతంలో పసుపుపచ్చని వయొలెట్ పూలు, వాటి మధ్య మన నొక్కియా పూలు విరగబూస్తాయి. జింకు లేని నేలలోకి అడుగుపెడితే ఆ పూలు పలచబడతాయి. 1885లో బౌమన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ మొక్కల ఆకుల్లో జింకు ఎంత ఉందో కొలిచి చూశాడు. ఎండు ఆకులో నూటికి ఒక పాలుకు మించి ఉందని తేలింది. అయినా చాలాకాలం ఎవరూ దాన్ని అంతగా పట్టించుకోలేదు. వింత విషయంగా పుస్తకాల్లో ఉండిపోయింది.

మొక్కను చూసి నేల గుట్టు చెప్పడం మనవాళ్ళకు తెలియని విద్య కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఏ చెట్టు దగ్గర, ఏ దిక్కున, ఎంత లోతున నీరు పడుతుందో చెప్పడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆయన చెప్పినవన్నీ నిజమవుతాయని నేను అనను. కాని చెట్టు వేరుకు మనకంటే లోతు తెలుసన్న ఆలోచన మాత్రం సరైనదే.

ఇటలీలో ఇదే కుటుంబానికి చెందిన మరొక మొక్క ఉంది. దాని పేరు అలిస్సమ్ బెర్తొలోని. ఇది అచ్చమైన బహువార్షికం. అడుగున కాడలు చెక్కలా గట్టిపడి ఏళ్ళ తరబడి బతుకుతాయి, పూలు మాత్రం మన ఆవ పూలలాగే పచ్చన. టైబర్ నది ఎగువన నల్లరాళ్ళ మీద ఇటువంటి మొక్క పెరుగుతుందని 1583లోనే సెసాల్పినో అనే వృక్షశాస్త్రజ్ఞుడు రాసిపెట్టాడు. ఆ నల్లరాళ్ళలో ఏముందో ఆయనకు తెలియదు. 1948లో మింగుత్సి, ఒర్నెల్లా వెర్‌న్యానో అనే ఇద్దరు ఫ్లారెన్స్ నగరం దగ్గర ఈ మొక్క ఆకులు తెచ్చి పరీక్ష చేశారు. కిలో ఎండుటాకులో దాదాపు 8 గ్రాముల నికెల్ కనిపించింది. నికెల్ అంటే మొక్కలకు జింకుకంటే ప్రమాదకరమైనది. లెక్కలో ఎక్కడో పొరపాటు జరిగిందనుకునేటంత పెద్ద సంఖ్య అది.

1977లో న్యూజిలాండ్ శాస్త్రజ్ఞుడు బ్రూక్స్, ఆయన సహచరులు ఇటువంటి మొక్కలకు ఒక ప్రత్యేకమైన పేరు పెట్టారు. మనం వాటిని లోహసంచయ మొక్కలు అందాం. విశాఖలో జింకు కర్మాగారం మొదలైన సంవత్సరం కూడా అదే. రెండింటికీ ఏ సంబంధమూ లేదు లెండి, అయినా నాకు గుర్తుండిపోయింది. ఇప్పటికి 700కు పైగా లోహసంచయ మొక్కలను గుర్తించారు. వాటిలో ఆవ కుటుంబానిది పెద్ద వాటా.

లోపల ఏం జరుగుతుంది?

మామూలు మొక్క వేరులోకి జింకు ఎక్కువగా వచ్చిందనుకోండి. మొక్క దాన్ని వేరు కణాల్లోనే, రిక్తికలలో పెట్టి తాళం వేస్తుంది. రిక్తిక అంటే కణం మధ్యలో నీటితో నిండిన సంచి అని మీరు చదివే ఉంటారు. దాన్ని మొక్క ఇంటి కొట్టుగది అనుకోండి. వేరులో ఆపితే ఆకుకు ప్రమాదం తప్పుతుందని దాని ఉపాయం.

నొక్కియా దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తుంది. వేరులో ఆపదు. జింకును గబగబా దారునాళాల్లోకి తోడి పైకి పంపిస్తుంది. అలా తోడడానికి కణం పొరలో ప్రోటీన్‌తో తయారైన చిన్న పంపులు ఉంటాయి. ఆవ కుటుంబంలోనే అరాబిడాప్సిస్ హాలెరి అనే మరో జింకు మొక్క ఉంది. అదీ బహువార్షికమే. ఆ పంపును తయారుచేయించే జన్యువు, దాని దగ్గరి బంధువులో ఒక్కటే ఉంటే, ఇందులో వరసగా మూడు ప్రతులు ఉన్నాయని 2008లో కనిపెట్టారు. బావికి ఒక మోటారు బదులు మూడు మోటార్లు బిగించినట్లు. ఆ పంపును పనిచేయకుండా చేస్తే జింకు వేరులోనే ఉండిపోతుంది.

పైకి వెళ్ళిన జింకు ఆకులో ఎక్కడ పెట్టాలి? పిండిపదార్థం తయారయ్యే పచ్చని కణాల్లో పెడితే అసలుకే మోసం. అందుకని ఎక్కువ భాగాన్ని ఆకు పైపొరలోని పెద్ద పెద్ద కణాలకు తరలించి, వాటి రిక్తికలలో దాచిపెడుతుంది. వంటింట్లో కిరసనాయిలు పెట్టకుండా వసారాలో పెట్టడం లాంటిది.

ఇంకో చిత్రం. ఒకే కుండీలో సగం జింకు ఉన్న మట్టి, సగం లేని మట్టి పోసి ఈ మొక్కను పెంచితే, దాని వేళ్ళు జింకు ఉన్న వైపే గుబురుగా పెరుగుతాయి. మామూలు మొక్క తప్పించుకుపోయే చోటికి ఇది వెతుక్కుంటూ వెళుతుందన్నమాట.

ఎందుకీ పిచ్చి అని మా పిల్లలు అడిగారు. శాస్త్రజ్ఞులు కూడా అదే అడిగారు. 1994లో అమెరికాలో బాయిడ్, మార్టెన్స్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. నొక్కియాకు దగ్గరి బంధువైన నికెల్ మొక్కను రెండు రకాల మట్టిలో పెంచారు. ఒకదాని ఆకుల్లో నికెల్ బాగా చేరింది, రెండోదాని ఆకుల్లో చేరలేదు. రెండింటినీ క్యాబేజీని తినే తెల్ల సీతాకోకచిలుక గొంగళిపురుగులకు పెట్టారు. నికెల్ ఉన్న ఆకులు తిన్న పురుగులు చచ్చిపోయాయి. ఆవ కుటుంబానికి పురుగులతో యుద్ధం కొత్త కాదు. ఆవపిండి నూరితే ముక్కులోకి ఎక్కే ఘాటు కూడా అందుకోసం తయారైన ఆయుధమే. మనం దాన్ని ఆవకాయలో కలుపుకుని లొట్టలు వేస్తున్నాం, అది వేరే సంగతి. అయితే ఘాటును మొక్క తన శక్తి ఖర్చుపెట్టి తయారు చేసుకోవాలి. లోహం నేలలో సిద్ధంగా ఉంది. ఏరుకుని దాచుకుంటే చాలు. అన్ని లోహసంచయ మొక్కలకూ కారణం ఇదొక్కటే అని చెప్పడం తొందరపాటు అవుతుంది గాని, పురుగులకు పట్టే గతి మాత్రం ప్రయోగంలో కనిపించింది.

ఒక ఎకరం లెక్క

1983లో అమెరికాలో రూఫస్ చానీ అనే శాస్త్రజ్ఞుడు, ఈ మొక్కలను పంటలా వేసి, కోసి, మట్టిలోని లోహాన్ని బయటికి లాగవచ్చునని సూచించాడు. అది ఎంతవరకు సాధ్యమో మనమే లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. పైనున్న 20 సెంటీమీటర్ల మట్టిని మాత్రమే తీసుకుంటే 800 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు మట్టి 1.3 టన్నులు తూగుతుందనుకుంటే మొత్తం వెయ్యి టన్నులు దాటుతుంది. మనం వెయ్యి అనే అనుకుందాం. టన్నుకు 100 గ్రాముల జింకు ఎక్కువగా ఉందనుకోండి. తీయవలసినది 100 కిలోలు. ఎకరంలో నొక్కియా పెంచితే ఎండుటాకు 1,200 కిలోలు వచ్చిందనుకోండి. కిలోకు 10 గ్రాముల చొప్పున ఒక్కో కోతకు 12 కిలోల జింకు బయటికి వస్తుంది. వందను పన్నెండుతో భాగిస్తే ఎనిమిది చిల్లర. అంటే తొమ్మిది పంటలు.

జవాబు బాగా రావడానికి మాస్టారు తనకు అనుకూలమైన అంకెలు వేసుకున్నాడని గడుసు పిల్లలకు అనుమానం వస్తుంది. రావాలి కూడా. అయితే వినండి. ఇంగ్లండులో వోబర్న్ అనే చోట ఏళ్ళ తరబడి మురుగు మడ్డి వేసిన పొలంలో కిలో మట్టికి 440 మిల్లీగ్రాముల జింకు చేరింది. 1990ల మొదట్లో అక్కడ ఈ మొక్కను పెంచి చూసిన శాస్త్రజ్ఞులు, దాన్ని 300కు దించడానికి తొమ్మిది పంటలు పడతాయనే అంచనా వేశారు. మామూలు పంటలతో అయితే అది తరాల మాట.

ఇక్కడ మా పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకంటే ఈ లెక్కలో కొన్ని లొసుగులు ఉన్నాయి. మొదటి పంటలకు సులువుగా కరిగే జింకు దొరుకుతుంది. మిగిలింది మట్టి రేణువులకు గట్టిగా అంటుకుని ఉంటుంది, అది అంత తొందరగా రాదు. మొక్క చిన్నది కనుక దాని వేళ్ళకు అందని లోతులో ఉన్నది అలాగే ఉంటుంది. పైగా అది చలి దేశపు మొక్క. మన మే నెల ఎండ దానికి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

"అయితే మన ఆవ మొక్కనే వేస్తే సరిపోదా, మాస్టారూ? అదీ ఆ కుటుంబమే కదా!" అంది ఆ అమ్మాయి.

మంచి ఆలోచన. అమెరికాలో కూడా ఇదే ఆలోచన వచ్చింది. మన పోపులో వేసే ఆవ, శాస్త్రీయనామం బ్రాసికా జుంసియా, 1990లలో అక్కడ పెద్ద పేరు తెచ్చుకుంది. ఇది నొక్కియాలా కిలోకు పది గ్రాములు కూడబెట్టదు. కాని మనిషి ఛాతీ ఎత్తు పెరుగుతుంది, తొందరగా పెరుగుతుంది, కోయడం తేలిక. సీసం చేరిన నేలల్లో దీన్ని వేసి చూశారు. సీసం మట్టిని వదిలి రావడం లేదని ఇ.డి.టి.ఎ. అనే రసాయనం పోశారు. అప్పుడు ఆవ మొక్క సీసాన్ని బాగానే లాగింది. అయితే ఆ రసాయనం కరిగించిన సీసమంతా మొక్కలోకే వెళ్ళదు కదా! మిగిలింది వాన నీటితో కిందికి దిగి భూగర్భజలంలో కలిసే ప్రమాదం కనిపించింది. దాంతో ఆ పద్ధతి మీద మోజు తగ్గింది. మన దగ్గర హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన ఎమ్.ఎన్.వి. ప్రసాద్ మొక్కలకూ లోహాలకూ ఉన్న ఈ సంబంధం మీద ఎంతోకాలం పరిశోధించి, ఎన్నో గ్రంథాలు సంకలనం చేశారు. పెద్ద చదువులకు వెళ్ళినప్పుడు మీకు ఆ పేరు తారసపడుతుంది.

నికెల్ విషయంలో కథ మరికొంత ముందుకు నడిచింది. ఇటలీ మొక్కకు బంధువైన ఇంకొక పసుపు పూల అలిస్సమ్‌ను అల్బేనియా కొండల్లో, గోధుమ కూడా సరిగా పండని నేలలో పంటలా పెంచారు. ఎరువు వేసి, కలుపు తీసి పెంచితే హెక్టారుకు దాదాపు 100 కిలోల నికెల్ వచ్చింది. మొక్కను ఎండబెట్టి కాల్చి, ఆ బూడిద నుంచి లోహాన్ని తీస్తారు. పలుగూ పారా లేని గని అన్నమాట.

మరి విత్తనాలు తెప్పించి మన దగ్గరా చల్లేద్దామా? తొందరపడకండి. అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రంలో ఈ అలిస్సమ్‌ను అలాగే తెచ్చి నాటారు. అది కంచె దాటి పక్క నేలల్లోకి పాకింది. అక్కడ మాత్రమే పెరిగే అరుదైన మొక్కలకు ముప్పు తెచ్చిపెట్టి, చివరికి ప్రభుత్వం చేత హానికరమైన కలుపుగా ముద్ర వేయించుకుంది. ఇప్పుడు మనుషులు దాన్ని చేత్తో పీకుతున్నారు. వయ్యారిభామను చూసిన మనకు ఇది వేరే చెప్పాలా? ఆ పేరు ఎవరు పెట్టారో గాని, దాని వయ్యారం చూసి ఎవరూ ముచ్చటపడలేదు.

మూడు కుండీలు

మాటలతో సరిపెట్టకుండా మేమూ ఒక చిన్న ప్రయోగం చేశాం. మీరు కూడా మీ మాస్టారి పర్యవేక్షణలో చేయవచ్చు. మూడు కుండీలలో ఒకే చోటి మట్టి నింపి, ఆవాలు చల్లాం. మొదటిదానికి మంచినీళ్ళు మాత్రమే. రెండోదానికి ఒకసారి చిటికెడు జింకు సల్ఫేటు కరిగించిన నీళ్ళు. మూడోదానికి చెంచాడు కరిగించినవి. జింకు సల్ఫేటు ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. చేత్తో తాకితే వెంటనే కడుక్కోవాలి, నోటిదగ్గరికి పోనివ్వకూడదు. ఈ కుండీల్లో పెరిగిన ఆకు కూరకు పనికిరాదని ముందే చెప్పి, కుండీల మీద ఎర్ర అక్షరాలతో రాయించాను.

మొదటి రెండు కుండీల్లో మొక్కలు ఒకేలా పెరిగాయి. రెండింటిలోనూ పూలు వచ్చాయి, వాటిని కోసి కేసరాలు లెక్కపెట్టడం కూడా అయింది. మూడోదాంట్లో చల్లిన విత్తనాల్లో సగం కూడా మొలవలేదు. మొలిచినవాటి లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య భాగం పసుపుగా, తర్వాత తెల్లగా మారింది. ఇది అచ్చంగా ఇనుము లోపం గుర్తు. జింకు మితిమీరితే మొక్కకు ఇనుము అందకుండా అడ్డుపడుతుంది. మొక్కను పీకి చూస్తే వేళ్ళు అంగుళం కూడా లేవు. నొక్కియా ఏ పరిస్థితిలో పూలు పూస్తుందో పిల్లలకు ఆ వేళ్ళు చూశాకే తెలిసింది.

ప్రయోగం అయిపోయింది కనుక కుండీలు ఖాళీ చేయమన్నాను. మొదటి రెండింటి మట్టిని బడి తోటలో పోసేశారు. మూడో కుండీ పట్టుకుని ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"దీన్ని ఎక్కడ పోయమంటారు మాస్టారూ?"

తోటలో పోస్తే బెండ మొక్కలున్నాయి. కాలవలో పోస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు. బడి వెనక ఖాళీ స్థలం ఉంది గాని అక్కడ పశువులు మేస్తాయి. చెత్తబండిలో వేద్దామని ఒక కుర్రవాడు అన్నాడు, బండివాడు ఎక్కడ పోస్తాడని ఇంకొకడు అడిగాడు. పిల్లలంతా నా ముఖం వంక చూశారు.

ఆ కుండీ ఇప్పటికీ ప్రయోగశాలలో బీరువా పక్కన ఉంది. పైన మూత పెట్టి, తేదీ రాసి ఉంచాం.